బాస్కెట్‌బాల్ బూట్లు: కోర్టు మీద పరీక్షించి తెలుసుకోవడం ఎలా?

ఆరోగ్య పాఠం

"సిస్టర్, మా బాబును బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో చేర్పించాం. కాలు బెణక్కుండా ఉండాలంటే ఏ కంపెనీ బూట్లు కొనమంటారు?" వేసవి సెలవులు దగ్గర పడేకొద్దీ తల్లిదండ్రులు మమ్మల్ని ఈ ప్రశ్న తరచుగా అడుగుతుంటారు. కూకట్‌పల్లి, కె.పి.హెచ్.బి. కాలనీ, నిజాంపేట, మియాపూర్ ప్రాంతాల్లో అపార్టుమెంట్లతో పాటు బాస్కెట్‌బాల్ కోర్టులు కూడా వచ్చాయి. సాయంత్రం పూట పిల్లలు, శని ఆదివారాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆడుతుంటారు. ఆట ఆరోగ్యానికి మంచిదే. కాని ఆటతో పాటు చీలమండ బెణుకులు, మడమ నొప్పులు, బొబ్బలు, నల్లబడిన గోళ్ళు కూడా ఆసుపత్రికి వస్తుంటాయి.

తల్లిదండ్రుల ప్రశ్నకు ఒక కంపెనీ పేరు చెప్పి పంపించడం మాకు సులభమే. కాని అది సరైన జవాబు కాదు. ఒకరి పాదానికి సరిపోయిన బూటు మరొకరికి సరిపోదు. చెక్క నేల మీద చక్కగా పట్టే బూటు సిమెంటు నేల మీద జారవచ్చు. కాబట్టి మీ పిల్లవాడు ఆడే నేల మీదే, అతని పాదంతోనే బూటును పరీక్షించి చూడాలి. ఆ పరీక్షను ఇంట్లో వాళ్ళే ఎలా చేయవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం. బూటు చేయలేని పని ఏమిటో కూడా చివరలో చెబుతాము. దయచేసి అది చదవకుండా వదిలివేయవద్దు.

1. ఈ ఆటలో పాదం మీద పడే భారం

బాస్కెట్‌బాల్ ఆటను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎమ్.సి.ఎ. శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ తయారుచేశారు. చలికాలంలో విద్యార్థులు గది లోపల ఆడుకోవడానికి వీలుగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. వై.ఎమ్.సి.ఎ. ద్వారానే ఈ ఆట మన దేశానికీ వచ్చింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ ప్రారంభించిన వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలలో చదివిన ఉపాధ్యాయులు దక్షిణాదిలో ఆటలకు పునాది వేశారు. మన జంటనగరాల్లో కూడా నారాయణగూడ, సికింద్రాబాదు వై.ఎమ్.సి.ఎ. మైదానాల పేర్లు పాత ఆటగాళ్ళకు బాగా తెలుసు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రింగు నేల నుండి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇంత చిన్న స్థలంలో పదిమంది ఆడుతారు. అందువల్ల నేరుగా పరుగెత్తడం తక్కువ. ఆగడం, తిరగడం, పక్కకు జరగడం, ఎగరడం, దిగడం ఎక్కువ. ఎగిరి దిగినప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం కాళ్ళ మీద పడుతుంది. దిగేటప్పుడు పాదం పక్కవాని పాదం మీద పడితే లోపలివైపుకు మడతపడుతుంది. అప్పుడు చీలమండ బయటివైపు ఎముకను పాదంతో కలిపి ఉంచే లిగమెంట్లు సాగుతాయి, లేదా తెగుతాయి. దీనినే మనం బెణుకు అంటాము.

ఆస్ట్రేలియాలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చీలమండ గాయాల్లో దాదాపు సగం ఎగిరి దిగే సమయంలోనే జరిగాయని తేలింది. కాబట్టి పరుగు పందెం బూటును ఈ ఆటకు వాడవద్దని చెబుతాము. పరుగు బూటును ముందుకు సాగడానికే తయారుచేస్తారు. దాని మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకు దూకినప్పుడు పాదం దాని అంచు మీదుగా ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

2. మూడు నమ్మకాలు, వాటిలోని నిజం

మొదటి నమ్మకం: చీలమండను కప్పే ఎత్తు బూట్లు వేస్తే కాలు బెణకదు. ఇది చాలామంది నమ్మే మాట. అమెరికాలో 600 మందికి పైగా కళాశాల ఆటగాళ్ళకు ఎత్తు బూట్లు, పొట్టి బూట్లు పంచి, ఒక ఆటకాలం పాటు గమనించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. రెండు రకాల బూట్లు వేసుకున్న వారిలో బెణుకుల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎత్తు బూటు కొందరికి ధైర్యంగా, సౌకర్యంగా అనిపించవచ్చు. వేసుకోవచ్చు. కాని అదే రక్షణ అనుకోకూడదు.

రెండవ నమ్మకం: ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. మనం పైన చెప్పుకొన్న 2001 నాటి అధ్యయనంలోనే, మడమలో గాలి గదులున్న బూట్లు వేసుకున్నవారికి చీలమండ గాయం కలిగే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనబడింది. అది ఆనాటి బూట్ల మాట. ఈనాటి బూట్ల తయారీ వేరు. అయినా పాఠం ఒకటే. పరుపు మీద ఒంటికాలిపై నిలబడి చూడండి. కాలు ఎలా ఊగుతుందో తెలుస్తుంది. మెత్తదనంతో పాటు స్థిరత్వం కూడా కావాలి.

మూడవ నమ్మకం: ఖరీదైన బూటు మోసం చేయదు. 2019 ఫిబ్రవరి 20న అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ ఆటగాడు జయాన్ విలియమ్సన్ ఆట మొదలైన మొదటి నిమిషంలోనే ఆగి తిరగబోతుండగా, పేరుపొందిన కంపెనీవారి బూటు చీలిపోయి పాదం బయటకు వచ్చింది. ఆయన మోకాలికి స్వల్పంగా బెణుకు కలిగింది. కొన్ని వారాలకు తిరిగి ఆడగలిగారు. మరోవైపు చూస్తే, 1917లో మార్కెట్టులోకి వచ్చిన కాన్వాస్ గుడ్డ బూట్లతోనే ఎన్నో దశాబ్దాల పాటు పెద్దపెద్ద ఆటగాళ్ళు ఆడారు. ఖరీదైన బూట్లన్నీ చెడ్డవనీ, చవకవన్నీ మంచివనీ దీని అర్థం కాదు. ధర చూసి పరీక్ష మానుకోవద్దని మాత్రమే మా సలహా.

3. ముందుగా మీ కోర్టును చూడండి

టీవీలో కనబడే పెద్ద ఆటలు నున్నని చెక్క నేల మీద జరుగుతాయి. దుకాణాల్లో దొరికే ఖరీదైన బూట్లలో చాలావాటిని ఆ నేలను దృష్టిలో పెట్టుకొనే తయారుచేస్తారు. వాటి అడుగు రబ్బరు మృదువుగా ఉంటుంది. మన ప్రాంతంలో ఎక్కువ కోర్టులు సిమెంటు మీద రంగు వేసినవి. ఈ గరుకు నేల మీద మృదువైన రబ్బరు త్వరగా అరిగిపోతుంది. అలాంటి చోట గట్టి రబ్బరు, లోతైన గాళ్ళు ఉన్న అడుగు ఎక్కువ కాలం నిలుస్తుంది.

మన కోర్టులకు మరో మూడు సమస్యలు ఉన్నాయి. మొదటిది దుమ్ము. చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒక భవన నిర్మాణం జరుగుతూనే ఉంటుంది. ఆ సన్నని దుమ్ము కోర్టు మీద పరుచుకొని, బూటు గాళ్ళలో నిండిపోతుంది. రెండవది వానాకాలంలో నీడపట్టున పట్టే పాచి. పాచి మీద ఏ బూటూ పట్టదు. అక్కడ ఆట ఆపుకోవడమే క్షేమం. మూడవది ఎండ. వేసవి మధ్యాహ్నం సిమెంటు నేల వేడికి పాదం ఉడికినట్లవుతుంది. చెమటకు తడిసిన మేజోడులో బొబ్బలు లేస్తాయి.

బూట్లు కొనడానికి వెళ్ళేముందు కోర్టు మీద ఒకసారి అరచేయి రాసి చూడండి. చేతికి దుమ్ము అంటితే ఆడే ముందు రోజూ చీపురు పట్టవలసిందేనని అపార్టుమెంటు కమిటీవారికి చెప్పండి. దీనికి ఖర్చు లేదు. అందరి పిల్లలకూ మేలు జరుగుతుంది.

4. కొనే రోజు చూడవలసినవి

చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలను కొలిచారు. పాశ్చాత్య దేశాలవారి పాదాలకంటే మనవారి పాదాలు సాధారణంగా వెడల్పుగా ఉంటాయని ఆ సర్వేలో తేలింది. మనం దుకాణంలో చూసే నంబర్లు ఇంగ్లండు, అమెరికా, యూరప్ కొలతలు. వెడల్పు చాలక ఇరుకైనప్పుడు మనవాళ్ళు ఒక నంబరు పెద్దది కొంటారు. అప్పుడు వెడల్పు సరిపోతుంది గాని పొడవు ఎక్కువై పాదం లోపల ముందుకు వెనుకకు జారుతుంది. ఆగిన ప్రతిసారీ వేళ్ళు వెళ్ళి ముందుభాగానికి కొట్టుకుంటాయి. గోళ్ళు నల్లబడేది ఇందువల్లనే. పొడవు సరిపోయి వెడల్పుగా ఉన్న మరో నమూనాను వెదకడమే సరైన మార్గం.

అదే సర్వే ప్రకారం పాదం పెరుగుదల ఆడపిల్లల్లో సుమారు 11 ఏళ్ళ దగ్గర, మగపిల్లల్లో 15, 16 ఏళ్ళ దగ్గర ఎక్కువగా ఉంటుంది. "పెరిగే కాళ్ళు కదమ్మా, రెండు నంబర్లు పెద్దవి ఇవ్వండి" అని అడిగే తల్లిదండ్రులను మేము అర్థం చేసుకోగలము. ఒకే జీతం మీద నడిచే ఇంట్లో ఏడాదికి రెండు జతలు కొనడం సులభం కాదు. కాని వదులు బూటుతో ఈ ఆట ఆడితే పాదం ఒకవైపు, బూటు ఒకవైపు తిరుగుతాయి. తక్కువ ధరకు సరైన కొలత బూటు కొనడం, ఎక్కువ ధరకు పెద్ద కొలత బూటు కొనడం కంటే మేలు. అలాగే అన్న వాడి విడిచిన బూటు తమ్ముడికి ఇచ్చేముందు దాని అడుగు చూడండి. అన్న నడక ప్రకారం ఒకవైపు అరిగి ఉంటే తమ్ముడికి పనికిరాదు.

దుకాణంలో ఈ పనులు చేయండి.

సాయంత్రం వెళ్ళండి. పగలంతా నడిచిన తర్వాత పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆటకు వేసుకొనే మేజోళ్ళనే తీసుకొని వెళ్ళండి. రెండు కాళ్ళకూ తొడిగి, నిలబడి చూడండి. పెద్ద పాదానికి తగిన నంబరు తీసుకోండి. పొడవైన వేలి ముందు బొటనవేలి గోరు వెడల్పు ఖాళీ ఉండాలి.

బూటు ముందు భాగాన్ని వంచండి. వేళ్ళ మొదట్లో వంగాలి. నడిమి భాగంలో వంగితే అరికాలికి ఆసరా లేదని అర్థం. రెండు చేతులతో గుడ్డ పిండినట్లు మెలితిప్పండి. సులభంగా మెలితిరిగితే వద్దు. మడమ వెనుక భాగాన్ని బొటనవేలితో నొక్కండి. అది లొంగకుండా గట్టిగా ఉండాలి. అడుగు భాగం పాదంకంటే కొంచెం వెడల్పుగా, చదునుగా ఉండాలి.

ఇంటికి తెచ్చాక బిల్లు, పెట్టె జాగ్రత్తగా ఉంచండి. శుభ్రమైన నేల మీద అరగంట నడిపించండి. ఎక్కడైనా నొక్కుకుంటే "వాడగా వాడగా వదులవుతుందిలే" అనుకోకండి. కోర్టు మీద వాడిన బూటును దుకాణంవారు సాధారణంగా తిరిగి తీసుకోరు. కాబట్టి కొలత విషయంలో నిర్ణయం ఇంటి దగ్గరే జరగాలి.

5. కోర్టు మీద ఆరు పరీక్షలు

పాత బూటు మరీ పాడైపోకుండా ఉంటే దానిని కూడా వెంట తీసుకొని వెళ్ళండి. పోల్చి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒకే కోర్టు, ఒకే మేజోళ్ళు, ఒకే సాయంత్రం ఉండేలా చూడండి. ముందుగా పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కించాలి. ఇంట్లో ఒకరు వెనుక నిలబడి ఫోనులో వీడియో తీస్తే మంచిది. ఆడేవారికి తెలియని తేడా చూసేవారికి తెలుస్తుంది. ఒక్కొక్క పరీక్షకు బాగుంటే 2, ఫరవాలేకుంటే 1, బాగా లేకుంటే 0 మార్కులు వేయండి.

మొదటి పరీక్ష, నేల మీద పట్టు. కోర్టు చివరి గీత నుండి ఫ్రీ త్రో గీత వరకు సగం వేగంతో పరుగెత్తి రెండు కాళ్ళ మీద ఆగాలి. ఎంత దూరం జారాడో చూడండి. తడిగుడ్డతో బూటు అడుగు తుడిచి, ఆరిన తర్వాత మళ్ళీ చేయించండి. తుడిచినప్పుడు బాగా పట్టి, నాలుగైదు పరుగులకే మళ్ళీ జారితే ఆ బూటు గాళ్ళు దుమ్మును పట్టి ఉంచుకుంటున్నాయని అర్థం. పట్టు మరీ ఎక్కువైనా మంచిది కాదు. పాదం ముందు భాగం మీద మెల్లగా గుండ్రంగా తిరగమనండి. బూటు నేలకు అతుక్కుపోయి మోకాలు మాత్రమే తిరుగుతున్నట్లు ఉంటే జాగ్రత్త పడండి. మోకాలి లోపలి లిగమెంటు తెగే గాయం ఈ ఆటలో మగపిల్లలకంటే ఆడపిల్లల్లో ఎక్కువగా చూస్తాము. కాబట్టి వారి విషయంలో ఈ పరీక్షను శ్రద్ధగా చేయండి.

రెండవ పరీక్ష, మడమ బిగువు. లేసులు చివరి రంధ్రం వరకు కట్టి, పరుగెత్తి ఆగమనండి. మడమ బూటులో నుండి పైకి లేవకూడదు. వేళ్ళు ముందుకు వెళ్ళి కొట్టుకోకూడదు. లేసు సరిగ్గా కట్టక మడమ లేస్తున్నదేమో కూడా చూడండి. చాలామంది పిల్లలు లేసులు విప్పకుండానే కాలు దూర్చి, అలాగే ఆడేస్తుంటారు. అలా చేస్తే ఎంత మంచి బూటు కూడా చెప్పుతో సమానమే.

మూడవ పరీక్ష, పక్కకు స్థిరత్వం. మూడు మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. మోకాళ్ళు వంచి, ఆ గుర్తుల మధ్య పక్కకు పక్కకు పదిసార్లు జరగమనండి. దిశ మారే క్షణంలో వెనుక నుండి చూడండి. బూటు అడుగు నేలకు పూర్తిగా ఆని ఉండాలి. అంచు లేస్తుంటే, లేదా పాదం బూటు పక్క గోడను నెట్టుకొని అడుగు దాటి బయటకు ఉబ్బుతుంటే సున్నా వేయండి.

నాలుగవ పరీక్ష, ఎగిరి దిగడం. ముందు రెండు కాళ్ళ మీద పదిసార్లు, తర్వాత ఒక్కొక్క కాలి మీద ఐదుసార్లు చిన్నగా ఎగిరి, మోకాళ్ళు వంచి దిగాలి. మడమకు గానీ మోకాలికి గానీ గట్టిగా దెబ్బ తగిలినట్లు అనిపించకూడదు. దిగిన తర్వాత కాలు ఊగకుండా నిలబడగలగాలి. దెబ్బ తగలకపోయినా ఊగుతుంటే అది మితిమీరిన మెత్తదనం.

ఐదవ పరీక్ష, వంపు, బరువు. మునివేళ్ళ మీద పదిసార్లు లేవమనండి. బూటు పాదంతో పాటు తేలికగా వంగాలి. వంగేచోట ముడతపడి వేళ్ళ పైభాగాన్ని నొక్కకూడదు. పాత బూటుతో పోల్చినప్పుడు కాలు ఈడ్చుకొని పోతున్నట్లు బరువుగా అనిపించకూడదు.

ఆరవ పరీక్ష, వేడి, రాపిడి. ఇరవై నిమిషాలు మామూలుగా ఆడనిచ్చి, బూట్లు, మేజోళ్ళు విప్పి పాదం చూడండి. మడమ వెనుక, చిటికెనవేలి పక్క, బొటనవేలి కీలు దగ్గర చూడండి. పావుగంట తర్వాత కూడా ఎర్రదనం పోకుండా ఉంటే రేపు అక్కడే బొబ్బ వస్తుంది.

మొత్తం 12 మార్కులకు 9, అంతకంటే ఎక్కువ వస్తే ఆ బూటు మీకు సరిపోతుందని అనుకోవచ్చు. అయితే మొదటి మూడు పరీక్షల్లో ఏ ఒక్కదానిలో సున్నా వచ్చినా, మొత్తం ఎంత వచ్చినా ఆ బూటుతో ఆడించవద్దు. మిగిలిన లోపాలు అసౌకర్యం కలిగిస్తాయి. ఈ మూడు లోపాలు కాలిని పడేస్తాయి. ఇది ఇంటి కోసం మేము చెబుతున్న సులువైన లెక్క. ప్రయోగశాల పరీక్ష కాదు. కాని మీ పిల్లవాని పాదాన్నీ, మీ కోర్టునూ ఏ ప్రయోగశాలా చూడలేదు కదా!

ఒక ముఖ్యమైన హెచ్చరిక. షుగరు వ్యాధి ఉన్నవారిలో పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. అలాంటివారు "నాకు హాయిగానే ఉంది" అన్న మాట మీద ఆధారపడకూడదు. తొడిగేముందు బూటు లోపల చేయి పెట్టి రాయి, కుట్టు, మడత ఉన్నాయేమో తడిమి చూడాలి. ఆడిన తర్వాత అరికాలును అద్దంలో గానీ, ఇంట్లోవారి చేత గానీ చూపించుకోవాలి. తిమ్మిరి ఉన్నవారు, పాదంలో ఒకసారి పుండు పడినవారు ఈ ఆట ఆడేముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

6. ఒకరోజు పరీక్షతో సరిపోదు

బూటు లోపలి నురుగు రోజురోజుకూ అణిగిపోతుంది. రబ్బరు అరుగుతుంది. అందుకే అదే పరీక్షను రెండు వారాలకు ఒకసారి, తర్వాత నెలనెలా చేసి, మార్కులు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. బూట్లను బల్ల మీద పెట్టి వెనుక నుండి చూడండి. ఒకవైపు ఒరిగి ఉన్నాయా? అడుగున గాళ్ళు నున్నగా అయ్యాయా? పక్కన అతికించినచోట ఊడుతున్నదా? వీటిలో ఏది కనబడినా ఆ బూటును ఆటకు ఆపండి, నడకకు వాడుకోండి. ఇన్ని నెలలు అని లెక్క పెట్టుకోవద్దు. వారానికి ఒకసారి ఆడే పెద్దవారి బూటు, రోజూ ఆడే పిల్లవాని బూటు ఒకేలా అరగవు.

కోర్టు బూట్లను ఆ కోర్టుకే వాడండి. వాటితోనే బడికి, ట్యూషనుకు, బజారుకు వెళితే ఆటకు ముందే అరిగిపోతాయి. ఆట అయిన తర్వాత లేసులు వదులు చేసి, గాలి తగిలేచోట నీడలో ఆరబెట్టండి. మండుటెండలో పెడితే జిగురు వదులుతుంది.

7. బూటు చేయలేని పని

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెబుతున్నాము. 2001 నాటి అధ్యయనంలో అన్నిటికంటే పెద్ద కారణంగా తేలినది పాత గాయం. అంతకుముందు ఒకసారి చీలమండ బెణికినవారికి మళ్ళీ గాయం కలిగే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా కనబడింది. మేము చూసే తీరు కూడా ఇలాగే ఉంటుంది. అబ్బాయికి కాలు బెణుకుతుంది. వాపు తగ్గగానే, మునుపటి బూటుదే తప్పని, ఇంకా ఖరీదైన బూట్లు కొని మళ్ళీ కోర్టుకు పంపిస్తారు. వ్యాయామం ఎవరూ చేయించరు. నెల తిరగకుండా అదే కాలు మళ్ళీ బెణుకుతుంది. తల్లిదండ్రుల డబ్బూ పోయింది, పిల్లవాని కాలూ పోయినంత పనయింది.

బెణికిన లిగమెంటు మానినా, "నా పాదం ఎలా వాలి ఉంది" అని మెదడుకు తెలిపే శక్తి మందగిస్తుంది. దానిని తిరిగి తెచ్చేది సాధన. రోజూ పళ్ళు తోముకొనేటప్పుడు ఒంటికాలి మీద నిలబడమనండి. ముప్పై సెకన్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. అది సులభమయ్యాక, పక్కన పట్టుకోవడానికి గోడ ఉండేలా చూసుకొని, కళ్ళు మూసుకొని చేయాలి. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు పైకి ఎత్తి దించడం పదిహేనుసార్లు చేయాలి. ఇవి కనీసం ఆరు వారాలు ఆపకుండా చేయాలి.

ఒకసారి బెణికినవారు లేసులతో కట్టుకొనే చీలమండ పట్టీ వాడటం గురించి వైద్యుని గానీ ఫిజియోథెరపిస్టును గానీ అడగవచ్చు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1,460 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి పట్టీ కట్టుకున్నవారిలో చీలమండ గాయాల రేటు కట్టుకోనివారితో పోలిస్తే మూడో వంతే ఉంది. ఎత్తు బూటు చేయలేదనుకున్న పనిని ఈ పట్టీ కొంతవరకు చేసింది.

మళ్ళీ ఆటకు ఎప్పుడు పంపాలి? వాపు, నొప్పి లేకుండా నడవగలగాలి. గాయపడిన కాలి మీద, బాగున్న కాలి మీద చేసినట్లే పదిసార్లు గెంతగలగాలి. పక్కకు జరిగే మూడవ పరీక్షను భయం లేకుండా చేయగలగాలి. అంతవరకు కొత్త బూట్లు పెట్టెలోనే ఉండనివ్వండి.

8. బెణికినప్పుడు ఏమి చేయాలి?

ఆట వెంటనే ఆపించండి. బూటు మెల్లగా విప్పి, కాలును దిండు మీద ఎత్తుగా పెట్టండి. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకండి. సాగే పట్టీతో మరీ బిగువుగా కాకుండా చుట్టండి. వేడి నూనెతో రుద్దడం, కాలు పట్టుకొని లాగడం, మెలితిప్పడం చేయవద్దు. ఎముక విరిగి ఉంటే ఇవి ఎంతో హాని చేస్తాయి.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి తీసుకొని రండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం. చీలమండకు ఇరువైపులా పొడుచుకొని ఉండే ఎముకల వెనుక అంచున గానీ కొన మీద గానీ నొక్కితే నొప్పి. పాదం బయటి అంచున, చిటికెనవేలికీ మడమకూ నడుమ ఉన్న ఎముక బుడిపె మీద, లేదా పాదం లోపలివైపు వంపు పైన ఉన్న ఎముక మీద నొక్కితే నొప్పి. ఇవి 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు ప్రచురించిన నియమాలకు దగ్గరగా ఉన్న గుర్తులు. వీటిని చూసి ఎక్స్‌రే అవసరమా కాదా అని వైద్యులు నిర్ణయిస్తారు. పాదం వంకరగా కనబడినా, వేళ్ళు చల్లబడినా, తిమ్మిరి ఎక్కినా ఆలస్యం చేయకుండా తీసుకొని రండి. పెరిగే పిల్లల్లో ఎముక చివర ఇంకా గట్టిపడి ఉండదు. కాబట్టి వారి విషయంలో "బెణుకేలే" అని తేలికగా తీసుకోవద్దు.

ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ సోదరులకు ఒక మాట. వారమంతా కుర్చీలో కూర్చొని, శనివారం ఒక్కసారిగా ఎగిరితే మడమ పైన ఉండే పెద్ద నరంలాంటి కండర తాడు తెగవచ్చు. వెనుక నుండి ఎవరో తన్నినట్లు, 'టప్' మని శబ్దం వచ్చినట్లు అనిపిస్తుంది. అది బెణుకు కాదు. నొప్పి తగ్గినా సరే, అదేరోజు వైద్యునికి చూపించండి.

మనం నేర్చుకున్నవి

పేరు, ధర, ఎత్తు చూసి బూటు కాలిని కాపాడుతుందని చెప్పలేము. సరైన పొడవు, సరైన వెడల్పు ముఖ్యం. మీ కోర్టు మీదే పాత బూటుతో పోల్చి ఆరు పరీక్షలు చేయాలి. పట్టు, మడమ బిగువు, పక్కకు స్థిరత్వం ఈ మూడింటిలో రాజీ వద్దు. పాత బెణుకు ఉన్న కాలికి బూటు మందు కాదు, వ్యాయామమే మందు.

ఇంట్లో అందరూ కలిసి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

1. మా పిల్లవాడు ఆడే కోర్టు నేల ఎలాంటిది? దానిని చివరిసారి ఎప్పుడు ఊడ్చారు?
2. ఇప్పుడు వేసుకొనే బూటులో పొడవైన వేలి ముందు ఎంత ఖాళీ ఉంది?
3. బూటును బల్ల మీద పెడితే ఏ వైపుకు ఒరుగుతున్నది?
4. ఇంట్లో ఎవరికైనా గత సంవత్సరంలో కాలు బెణికిందా? వారు ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబడగలరా?

నాలుగవ ప్రశ్నకు "లేదు, నిలబడలేరు" అన్నది జవాబయితే, బూట్ల దుకాణానికి వెళ్ళేముందు ఫిజియోథెరపీ విభాగానికి రండి. వచ్చేటప్పుడు పాత బూట్లు కూడా ఒక సంచిలో తీసుకొని రండి. వాటి అడుగు చూస్తే పాదం ఎటు ఒరుగుతున్నదో మాకు తెలుస్తుంది.